గుడ్డ మూలన పసుపు

నా పరిశోధన దేనిమీద అని ఎవరైనా అడిగితే అప్పట్లో నాకు నీరసం వచ్చేది. అర్థమయ్యేలా చెప్పాలంటే అరగంట పడుతుంది. అరగంటా విన్నాక వాళ్లు "ఇంతకీ దానివల్ల ఉపయోగం ఏమిటమ్మా?" అంటారు. అందుకని "అయస్కాంతాల మీద" అని ఊరుకునేదాన్ని. మా అత్తగారు మాత్రం ఇరుగుపొరుగు వాళ్లకి "మా కోడలు ఇనప సామాను మీద పెద్ద చదువు చదువుతోంది" అని చెప్పేది. ఒక రకంగా అదీ నిజమే.

అరవైల చివరి సంవత్సరాల మాట ఇది. విజయనగరంలో ఒక కాలేజీలో ఫిజిక్స్ డిమాన్‌స్ట్రేటర్‌గా ఉండేదాన్ని. పొద్దున్న ఇంట్లో వంట, తరువాత కాలేజీలో పిల్లల చేత లోలకాలు ఊపించడం, కటకాలు జరిపించడం. మధ్యాహ్నం మూడు దాటాక డిపార్ట్‌మెంటు వెనకగది నాది. మూడు గంటలకి మనిషిలో మిగిలేది ఎంత? ఆ మిగిలిన దానితోనే నేను డాక్టరేటు చెయ్యాలి. వాల్తేరులో ఉండే మా గైడుగారు నన్ను చేర్చుకున్నప్పుడే ఆ సంగతి సూటిగా అన్నారు, "ఇది సాయంత్రాల్లో అయ్యే పని కాదమ్మా" అని. అవుతుందని నేను మొండికేశాను. ఆ మొండితనానికి తరువాత చాలాసార్లు నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ గదిలో మునుపు పాత మ్యాపులూ కాళ్లు విరిగిన బల్లలూ ఉండేవి. వాటిని వరండాలోకి తోసి మేము అయస్కాంతం నిలబెట్టాం. మేము అంటే నేనూ, మా ల్యాబ్ అటెండరూ. ఆయనది రాజాం దగ్గర ఒక పల్లె, వ్యవసాయం చేసుకునే కుటుంబం. సర్వీసు చివరికి వచ్చిన మనిషి. నాకంటే పాతికేళ్లు పెద్దయినా నేను ఆయన్ని "నువ్వు" అనే పిలిచేదాన్ని. కాలేజీలో అందరూ అలాగే పిలిచేవారు, నేనూ పిలిచాను. ఇప్పుడు "ఆయన" అని రాయడం నా మర్యాద కాదు, ఆలస్యం.

అయస్కాంతానికి రాగితీగ మేమిద్దరమే చుట్టాం. నేను తీగ బిగువు చూస్తుంటే ఆయన చక్రం తిప్పేవారు. చుట్టు చుట్టుకీ ఒక చింతగింజ డబ్బాలో వేసేవారు. సాయంత్రం పని ఆపాక ఆ గింజలన్నీ నేల మీద పోసి లెక్క సరిచూసుకునేవాళ్లం. రెండు నెలలు పట్టింది. ఆ గింజల లెక్క ఒక్కనాడూ తప్పలేదని ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే తరువాత నేను ఆయన గురించి రాసినదాంట్లో ఆ మాట లేదు.

ఇక ఆ అరగంట కథ. వీలైనంత కుదించి చెబుతాను. పదార్థంలోని హైడ్రోజన్ కేంద్రకాలు అతి చిన్న అయస్కాంతాలు. వాటిని పెద్ద అయస్కాంతం మధ్య ఉంచి సరైన రేడియో తరంగం తగిలిస్తే బదులు పలుకుతాయి. ఆ పలుకే మాకు కావలసిన సిగ్నల్. ద్రవాల్లో అది సన్నగా, నిక్కచ్చిగా ఉంటుంది. గట్టి పదార్థాల్లో ఒకదాని పలుకు ఇంకొకదానికి అడ్డం పడి, వెడల్పుగా చదునుగా పరుచుకుపోతుంది. ఆసిలోస్కోపు తెర అడుగున ఎప్పుడూ ఆకుపచ్చగా పోచలుపోచలుగా ఊగే గీతలు కొన్ని ఉంటాయి. పరికరం తాలూకు రొద అది. దాన్ని మేము గడ్డి అనేవాళ్లం. మా సిగ్నల్ ఆ గడ్డిలో పడి కనిపించేది కాదు.

దానికి మందు రాడికల్ అణువు. అంటే, జంట లేని ఎలక్ట్రాన్ ఒకటి మిగిలిపోయిన అణువు. ఆ ఒంటరి ఎలక్ట్రాన్ కేంద్రకం కంటే ఎన్నో వందల రెట్లు గట్టి అయస్కాంతం. మైక్రోవేవ్‌లతో దాన్ని కదిలిస్తే తన బలం పక్కనున్న కేంద్రకాలకి అందిస్తుంది, సిగ్నల్ లేస్తుంది. మా పుట్టింటివాళ్లది తరతరాలుగా గుళ్లో పాటసేవ. భజనలో పదిమంది పది శ్రుతుల్లో గొణుగుతుంటే, గొంతున్నవాడొకడు అందుకోగానే అందరూ అతని శ్రుతిలోకి వచ్చేస్తారు. రాడికల్ చేసే పని అంతే. మైక్రోవేవ్‌లు పుట్టించే గొట్టాన్ని క్లిస్ట్రాన్ అంటారు. యుద్ధం నాటి రాడార్ సామానులోంచి వచ్చిన ఒక క్లిస్ట్రాన్‌ని మా గైడుగారు నాకు ఎరువిచ్చారు. దాన్ని ఒళ్లో పెట్టుకుని, పసిబిడ్డని తెచ్చినట్టు, వాల్తేరు నుంచి ప్యాసింజరు బండిలో తెచ్చుకున్నాను.

మా రాడికల్ ఒక పొడి. పేరు డి.పి.పి.హెచ్. చూడ్డానికి నల్లగా ఉంటుంది, బెంజీన్‌లో వేస్తే నేరేడుపండు రంగు వస్తుంది. పాలిస్టైరీన్ ప్లాస్టిక్‌ని అదే బెంజీన్‌లో కరిగించి, ఈ పొడి ఆవగింజలెత్తు కలిపి, వడగట్టి, చీకట్లో ఆరబెట్టాలి. ఆరిన పొరని చిన్న గాజుగొట్టంలో కూరి అయస్కాంతంలో పెట్టాలి. చెప్పడానికి ఇంతే. చిక్కు వడగట్టడం దగ్గర వచ్చింది. ఆ ద్రావణం బంకలా ఉంటుంది, వడపోత కాగితంలోంచి దిగదు. చివరికి పొందూరు ఖద్దరు సన్నరకం తెప్పించాను. వాలుగ చేప దవడతో ఏకిన పత్తి అది. పిచ్చి పోగు ఒక్కటి ఉండదు. చేప సంగతి మా అత్తగారికి తెలుసు, అయినా తెలియనట్టు ఉండేది. పొందూరు పంచె లేకపోతే మా మామగారికి పండగ అవదు మరి.

ఆ బట్టని ఇంటికే తెచ్చేదాన్ని. గంజి పోవడానికి కుంకుడురసంలో ఉడకబెట్టి, డాబా మీద ఆరేసి, చేతిరుమాళ్లంత ముక్కలు చేసి, మడతపెట్టి కాలేజీకి పట్టుకెళ్లేదాన్ని. ముక్కలు అటెండరు చేతికిచ్చేదాన్ని. కొలతలు నావి, వడగట్టడం ఆయనది.

గదిలో నాకు కంటగింపుగా ఉండేది ఒకటే. అయస్కాంతం కింద ఇనప చట్రానికి నాలుగు కాళ్లు ఉండేవి. వాటికి ఆయన పసుపు అంటిన గుడ్డపీలికలు కడుతుండేవారు. ఒకటి కాదు, రెండు కాదు. వారానికొకటి కొత్తది చేరేది.

"ఇదేమిటయ్యా, ఇది ల్యాబా, అమ్మవారి గుడా?" అని అడిగాను ఒకసారి.

"ఉండనీ అమ్మా. పనికి మంచిది" అన్నారు.

"విజ్ఞానశాస్త్రం చదువుకునే చోట ఇలాంటివి కట్టకూడదు."

"అలగేనమ్మా" అన్నారు. మరుసటి వారం మరొకటి కట్టారు. నాకు ఒళ్లు మండింది. కానీ పనిలో మంచి వేగం మీద ఉన్నాం, ఊరుకున్నాను.

ఆ ఆషాఢంలో సిగ్నల్ వచ్చింది. మొదట గడ్డి మీద ఒక చిన్న బుడిపె లేచింది. నేను అయస్కాంతం కరెంటు కాస్త సవరించేసరికి బొటనవేలంత అయింది. క్లిస్ట్రాన్ ఆపితే మునుగుతోంది, వేస్తే లేస్తోంది. నాలుగుసార్లు ఆపి వేసి చూశాను. ఆయన నా వెనక నిలబడి, "సేనులోన మొక్క అవుపడినట్టే ఉన్నాదమ్మా" అన్నారు. ఆ పూట ఇంటికి నడుస్తుంటే కాళ్లనొప్పులు తెలియలేదు. ఆ వారంలో ఇంకో రెండు సాంపిల్స్‌తోనూ అదే వచ్చింది. గైడుగారికి ఉత్తరం రాశాను. వచ్చే వారం స్వయంగా వచ్చి చూస్తానని జవాబు రాశారు.

ఆ వారమే వానలు పడ్డాయి. ఊళ్లో ఉభాలు మొదలయ్యాయని, నాట్లు వేయించాలని మా అటెండరు సెలవు పెట్టి వెళ్లారు. వెళ్లే ముందు గాజుగొట్టాలు రెండూ చింతపండు, బూడిద వేసి తోమి బోర్లించి వెళ్లారు. మా దగ్గర ఉన్నవే ఆ రెండు గొట్టాలు. కొత్త సాంపిల్ కూరాలంటే పాతది కడగవలసిందే. గైడుగారు తాజా సాంపిల్ కళ్లముందు చేసి చూపించమన్నారు కాబట్టి పాతవి కడిగించాను.

గైడుగారు పొద్దుటి బండికి వచ్చారు. అంతా నేనే చేశాను. తూచాను, కరిగించాను, వడగట్టాను. ఆడపిల్లగా నాకు తెలిసిన వడగట్టడం వంటింటి వడగట్టడమే. గుడ్డలో పోసి, నాలుగు చెంగులూ కలిపి మూట కట్టి, చింతపండు పిండినట్టు పిండాను. మర్నాటికి పొర ఆరింది. రంగు కాస్త కషాయంలా ఉందనిపించింది గానీ అంత ముదురురంగులో ఏం తెలుస్తుంది? గొట్టంలో పెట్టాను. క్లిస్ట్రాన్ వేశాను. తెర మీద గడ్డి ఊగింది. గడ్డి తప్ప ఏమీ లేదు. సవరించాను, ఆపాను, వేశాను. సాయంత్రం బండి వేళ వరకూ గైడుగారు స్టూలు మీద కూర్చుని ఆ గడ్డినే చూశారు. ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"మార్చి నెలాఖరుకి క్లిస్ట్రాన్ వెనక్కి తీసుకుంటానమ్మా. దాని కోసం ఇంకో కుర్రాడు కాచుకుని ఉన్నాడు. అప్పటికి సిగ్నల్ చూపిస్తే ఈ పని మీది. లేకపోతే అతనికి ఇచ్చేస్తాను" అన్నారు రిక్షా ఎక్కుతూ.

అంటే నాలుగేళ్ల సాయంత్రాలు ఎవరో కుర్రాడి పాలవుతాయి.

అటెండరు నాట్లు వేయించి, వేళ్ల సందుల్లో బురద ఇంకా పోకముందే వచ్చారు. నా కోపం ఆయన కోసమే కాచుకుని ఉంది. చింతపండుతో ఎందుకు తోమావన్నాను. ఎప్పుడూ అలాగే తోముతున్నానన్నారు. ఎదురు చెబుతావా అన్నాను. పసుపు పీలికలు చూపించి, ఈ మురికంతా తెచ్చి నా సాంపిల్స్ పాడుచేశావన్నాను. ఆయన ఏదో చెప్పబోయి, నా మొహం చూసి మానేశారు. ఆడలేక మద్దెల ఓడు అన్న మాట మా ఇంట్లో మద్దెల వాయించేవాళ్లే అంటుండగా విని పెరిగినదాన్ని. అది ఆ రోజు నాకు గుర్తు రాలేదు. ప్రిన్సిపాల్‌గారికి కాగితం రాశాను. నాలుగే వాక్యాలు. అటెండరు చెప్పిన మాట వినడు. పరికరాలు శాస్త్రీయంగా శుభ్రం చెయ్యడు. పసుపు గుడ్డలు కట్టి ప్రయోగాలు చెడగొడుతున్నాడు. ల్యాబు పనికి తగడు.

మూడో రోజుకి ఆయన్ని గేటు దగ్గర వేశారు. నేను రోజూ ఆ గేటులోంచే వెళ్లాలి. ఆయన లేచి నిలబడి నమస్కారం పెట్టేవారు. నేను పుస్తకాలు సర్దుకుంటున్నట్టు తల దించుకుని వెళ్లిపోయేదాన్ని. రిటైరయ్యేవాళ్లకి మా కాలేజీలో ఒక ఏడాది పొడిగింపు ఇవ్వడం మామూలు. ఆయనకి ఇవ్వలేదు. ఎందుకివ్వలేదని నేను అడగలేదు. నాకు తెలుసు కాబట్టి అడగలేదు. చలికాలంలో ఒకరోజు గేటు దగ్గర వేరే మనిషి ఉన్నాడు.

ఆయన వెళ్లినా సిగ్నల్ రాలేదు. వర్షాకాలం వెళ్లింది, చలి వచ్చింది. నేనే కొలిచి, నేనే పిండి, నేనే గొట్టాలు కడిగి, చేసిన ప్రతి సాంపిలూ గడ్డే. పొడి పాతబడిందనుకుని కొత్త పొడికి రాశాను. మూడు నెలలకి వచ్చింది. దాంతోనూ గడ్డే. కరెంటు తగ్గుతోందనుకున్నాను. మిల్లులు ఆడని ఆదివారాలు కూడా వెళ్లి చూశాను. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు ఉండేవి గైడుగారికి నేను రాసే ఉత్తరాలు. అలసిపోయాను. అది పని వల్ల వచ్చే అలుపు కాదు, నిద్రపోతే తీరేది కాదు. ఇంట్లో అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయేదాన్ని. మా అత్తగారు "ఏమిటే, గడ్డి ఇంకా తీరలేదా?" అని అడిగేది. తీరలేదని కూడా చెప్పబుద్ధి అయ్యేది కాదు.

ఫిబ్రవరి వచ్చేసింది. ఇక క్లిస్ట్రాన్‌ని మూటకట్టడమే మిగిలింది. వెనక్కిచ్చేలోపు గది ఊడ్చి పెడదామని ఒక మధ్యాహ్నం చీపురు తీసుకున్నాను. చట్రం కాళ్లకి ఆ పసుపు పీలికలు ఇంకా ఉన్నాయి. ముందు వాటిని పీకేద్దామని నేల మీద కూర్చున్నాను.

ముడి విప్పి చేతిలోకి తీసుకోగానే తెలిసింది. అది పొందూరు నేత. నా చేతుల్తో ఉడకబెట్టి, ఆరేసి, కత్తిరించిన నేత. ఇంకొకటి విప్పాను, అదీ అంతే. అన్నీ చిన్న చిన్న మూలలు. బ్లేడుతో వాలుగా కోసినవి. ప్రతి మూలకీ ఎండిన పసుపు బొట్టు.

అప్పుడు నా సంచిలో ఉన్న కొత్త ముక్కల కట్ట తీసి చూశాను. ఒక్కో ముక్కకీ ఒక్కో మూలన పసుపు. నేను డాబా మీంచి తెచ్చి మంచం మీద పెట్టే మడతలకి మా అత్తగారు రోజూ చేసే పని అది. ఇంట్లోకి వచ్చిన కొత్తబట్టకి మూలన పసుపు పెట్టకుండా వాడనివ్వదు. చీరకైనా అంతే, తువ్వాలుకైనా అంతే, కోడలు కాలేజీకి పట్టుకెళ్లే గుడ్డపేలికకైనా అంతే. నేను పుట్టినప్పటినుంచి చూస్తున్న పసుపే కాబట్టి నా కంటికి అది కనిపించనేలేదు. ఏళ్ల తరబడి ఆ గుడ్డలు మడత పెట్టిన చెయ్యి ఇది.

కాసిని డి.పి.పి.హెచ్. రేణువులు స్పిరిట్‌లో వేసి, ఆ నేరేడు రంగు నీళ్లని ఒక పసుపు మూల మీద చుక్కలుగా పోశాను. చూస్తుండగానే ఊదారంగు నీరసించింది. కాసేపటికి అక్కడ రాడికల్ లేదు, పసుపు మరక ఒక్కటే ఉంది. పసుపులో ఉన్న సారం రాడికల్‌కి హైడ్రోజన్ ఇచ్చేస్తుంది. ఒంటరి ఎలక్ట్రాన్‌కి జంట కుదిరిపోతుంది. పెళ్లికి వాడే పసుపు కదా, చెయ్యవలసిన పనే చేసింది. నాకు నవ్వు రాలేదు.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికానని అర్థమైంది. అది సగమే. మిగతా సగం అర్థమయ్యాక చీపురు పక్కన పెట్టి అక్కడే కూర్చుండిపోయాను. ఆయన ఉన్నన్నాళ్లూ ప్రతి ముక్కకీ ఆ మూల కోసేశారు. కోసిన ముక్కతో వడగట్టిన సాంపిల్స్‌లోనే సిగ్నల్ వచ్చింది. ఆయన సెలవులో ఉన్ననాడు నేను గుడ్డని మూలలతో సహా మూటకట్టి పిండాను, చచ్చిపోయింది. చెడింది ఆయన లేనప్పుడు. శిక్ష ఆయనకి వేశాను. ఈ చిన్న తర్కం చెయ్యడానికి ఫిజిక్స్ కూడా అక్కర్లేదు.

మర్నాడు మూల కోసిన గుడ్డతో వడగట్టాను. ఆ మర్నాడు సిగ్నల్ లేచింది. బొటనవేలంత కాదు, తెరలో సగానికి లేచింది. వెనక్కి తిరిగాను, "చూశావా" అనడానికి. ఆయన నిలబడే చోటు ఖాళీగా ఉంది. సంతోషం రావలసిన చోట సిగ్గు వచ్చింది, ఆ రెండూ ఒకేసారి పట్టేంత చోటు నాలో లేకపోయింది. కోసిన మూలని ఏం చెయ్యాలో తెలియక, చట్రం కాలికే కట్టాను.

గైడుగారు మార్చి రెండో వారంలో వచ్చి చూశారు. చాలాసేపు చూశారు. తెర ఫోటో తీయించారు. "క్లిస్ట్రాన్ ఉంచుకోండి" అన్నారు. కారణం అడిగితే పసుపు సంగతి చెప్పాను. ఆయన పకపకా నవ్వి, వాల్తేరులో అందరికీ చెబుతానన్నారు. అటెండరు సంగతి కూడా చెప్పాను. "పాపం" అని, చేతి గడియారం చూసుకున్నారు.

నేను ప్రిన్సిపాల్‌గారికి రెండో కాగితం రాశాను. మొదటి కాగితంలో నేను రాసింది తప్పనీ, ప్రయోగాలు చెడగొట్టింది నేనేననీ, అటెండరు జాగ్రత్త వల్లనే సిగ్నల్ వచ్చిందనీ రాశాను. మొదటిది తీసెయ్యమని ఆఫీసు గుమస్తాని అడిగాను. "సర్వీసు ఫైల్లో ఒకసారి పెట్టింది తియ్యకూడదమ్మా. కావాలంటే మీ కొత్తది దాని కింద కుట్టేస్తాను" అన్నాడు. కుట్టాడు. రెండో కాగితం నకలూ, తెర ఫోటోనూ సంచిలో పెట్టుకుని ఆదివారం రాజాం బస్సెక్కాను.

రాజాం నుంచి అటెండరు ఊరికి ఒంటెద్దు బండి మీద వెళ్లాను. ఆయన కళ్లంలో మినప మండలు కర్రతో కొడుతున్నారు. నన్ను చూసి కర్ర ఆపి, తలకి చుట్టిన తువ్వాలు తీసి భుజాన వేసుకున్నారు.

"ఇంతెండలోన ఏటిలగొచ్చీసినావమ్మా? ఓలె, మంచమెయ్యి, అమ్మగారొచ్చినారు" అని ఆయన భార్యని కేకేశారు.

నులకమంచం మీద కూర్చుని ఫోటో ఇచ్చాను. దూరంగా పట్టుకుని చూశారు.

"ఇదేటి, కొండలాగున్నాది?"

"అదే. వచ్చింది."

"గడ్డేదమ్మా?"

"అడుగున ఉంది చూడండి, సన్నగా."

"మీరు" అన్నానని ఆయన గమనించారో లేదో తెలియదు. ఫోటో జాగ్రత్తగా అంచులు పట్టుకుని తిరిగి ఇచ్చారు. నేను పసుపు సంగతి మొత్తం చెప్పాను. మధ్యలో ఆగకుండా చెప్పాను, ఆగితే చెప్పలేనని.

"ఆ మూలలు ఎందుకు కోసేవారు?" అని అడిగాను చివరికి.

"పెద్దావిడ సేత్తో పసుపెట్టిన మూలలమ్మా అవి. ఆ కంపు మందులోన ముంచితే తప్పు కాదేటి? పారేసినా తప్పే. అందికని కోసీసి ఆ ఇనప కాళ్లకి కట్టినాను. నీ పని బేగి అవుతాదని."

"నాకెందుకు చెప్పలేదు?"

"సెప్పబోనాను. నువ్వు కోపంలోన ఉన్నావు." ఆ మాట కోపంగా అనలేదు. మళ్లీ అన్నారు, "ఆ కాయితం గుమస్తా సదివి ఇనిపించినాడమ్మా నాకు. పసుపుగుడ్డలు కట్టి పనులు సెడగొడతన్నాడని రాసున్నాదట. పసుపెట్టినోణ్ణి నాను కాదు గదా. తీసినోణ్ణి."

రెండో కాగితం నకలు తీసి చదివాను. ఆయన భార్య కూడా గుమ్మంలో నిలబడి విన్నది. చదవడం అయ్యాక ఆయన అడిగారు.

"అయితే ఆ పాతకాయితం సింపీసినారా?"

"లేదు. తియ్యకూడదన్నారు. దాని కింద దీన్ని కుట్టారు."

"అయితే అదున్నట్టే."

"ఉన్నట్టే" అన్నాను. క్షమించమని అడగాలనే వచ్చాను. ఆ మాట నోటిదాకా వచ్చింది గానీ, అది అంటే ఆయన "అలగేనమ్మా" అంటారని తెలుసు. ఆ అలగే నాకు వద్దనిపించింది.

ఆయన లేచి కర్ర తీసుకున్నారు. మబ్బు పట్టేలోపు మినుములు ఎత్తేసుకోవాలన్నారు. వాళ్లావిడ నాకు మజ్జిగ ఇచ్చింది. బయల్దేరుతుంటే, ముత్తయిదువుని వట్టి చేతుల్తో పంపకూడదని కుంకంభరిణె, గిన్నెలో తడిపిన పసుపు తెచ్చింది. బొట్టు పెట్టింది. పసుపు గిన్నెలో వేళ్లు ముంచి నా చెయ్యి పట్టుకోబోయింది.

కళ్లంలోంచి ఆయన కేక వినిపించింది.

"సేతులకి ఎట్టకే. పాదాలకి రాయి. రేపు ఆవిడకి ఆ సేతుల్తోటి పనున్నాది."

ఆవిడ వంగి నా పాదాలకి పసుపు రాసింది. నేను చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, కళ్లంలో కర్రదెబ్బలు వింటూ, రాయడం అయ్యేవరకూ కదలకుండా నిలబడ్డాను.